గాలిమాస్కు, తీఱని నిద్ర

గుఱక పెట్టువానిని జూచి కుంభకర్ణుని నిద్రయని పరిహసించుట మన యిండ్లలో పరిపాటియే గాని, ఆ గుఱక నడుమ హఠాత్తుగా నిశ్శబ్దము క్రమ్మి, 10 సెకన్లకు పైగా ఊపిరి నిలిచి, పిమ్మట ఉలికిపాటుతో తిరిగి వచ్చుచుండినచో, అది సుఖనిద్ర గాదు. గొంతులోని మెత్తని కండరములు సడలి శ్వాసమార్గమును మూసివేయుటచే గలుగు స్లీప్ ఆప్నియా యను రుగ్మత. ఇట్లు గంటకు 30 పర్యాయములు జరిగినచో వైద్యులు దానిని తీవ్రమని యెంచెదరు.

ముక్కు ద్వారా స్వల్పపీడనముతో గాలిని ఎడతెగక పంపి ఆ మార్గమును తెఱచి యుంచవచ్చునని 1981లో సిడ్నీకి చెందిన కోలిన్ సల్లివన్ అను వైద్యుడును, ఆయన సహచరులును వెల్లడించిరి. నేటి సీపాప్ యంత్రము దాని సంతానమే.

అయినను, యంత్రము తెచ్చిన మఱునాడే నవోత్సాహము గలుగునని యాశించువారికి తఱచుగా నిరాశయే. మాస్కు అంచున గాలి కారి కన్నులెండుట, నోరు పిడచగట్టుట, తెల్లవాఱునప్పటికి తనకు దెలియకయే దానిని ఊడబెఱికి పడవేసియుండుట, ఇవన్నియు తొలి రాత్రుల ముచ్చటలు. మాస్కు కొలత మార్చుట, తేమ నిచ్చు నీటితొట్టి నమర్చుట, పగటిపూట పత్రిక చదువుకొనుచు అర్ధగంట ధరించుట మున్నగు ఉపాయములు వీనిలో పెక్కింటికి చాలును.

కొందఱికి మొదటి రాత్రియే స్వప్నములు వెల్లువెత్తును. ఇన్నాళ్ళు తెగిపోవుచుండిన స్వప్ననిద్రను దేహము వడ్డీతో రాబట్టుకొనుటయే అది. తక్కినవారికి వారములు, ఒక్కొక్కచో నెలలు పట్టును. అప్పటికిని పగటిమత్తు వదలనిచో, యంత్రమును అటక యెక్కింపక, అందు నమోదైన లెక్కలతో వైద్యుని దర్శించి, గాలి కారుచున్నదో, థైరాయిడ్ లోపమో, వేఱొక మందు ప్రభావమో విచారింపవలయును. స్వప్ననిద్ర రాత్రి చివరి భాగముననే అధికము, శ్వాసరోధములు తఱచుగా దీర్ఘమగునదియు అప్పుడే. కావున నడిరేయి దాటగనే మాస్కు తీసి ప్రక్కన బెట్టువాడు అసలు అవసరమైన వేళనే దానిని విడుచుచున్నాడు.