కడుపులో బాధ: ఎంతవరకు ఓర్చుకోవాలి?

ఆదివారం ఆరాధన ముగిసి బయట నలుగురం నిలబడినప్పుడు, ఎవరో ఒకరు పొట్ట మీద చెయ్యి వేసుకొని "ఏమీ లేదండీ, కాస్త గ్యాసు" అనడం మన సంఘాల్లో మామూలే. సోడా తాగుతాం, వాము నములుతాం, కొట్లో గ్యాసు బిళ్ళ కొనుక్కుంటాం. విందులో ఎక్కువ తిన్నందువల్లనో, వేళ తప్పి తిన్నందువల్లనో వచ్చిన బాధ రెండు మూడు రోజుల్లో పోతే భయపడనక్కరలేదు. మేము వ్రాస్తున్నది అలా పోని బాధను గురించి.

గ్యాసు అనేది జబ్బు పేరు కాదు. ఆ ఒక్క మాట చాటున జీర్ణాశయంలో పుండు, పిత్తాశయంలో రాళ్ళు, కాలేయ వ్యాధి, పేగులకు సోకిన క్షయ, కొందరిలో క్యాన్సర్ సైతం దాగి ఉండవచ్చు. పేరు తెలియని జబ్బుకు మందు వేసుకుంటూ పోతే నెలలు గడిచిపోతాయి. మొదట్లో తేలికగా నయమయ్యేది, ఆలస్యం వలన కష్టమవుతుంది.

పుండు ఎందుకు పడుతుంది?

కారం వలన, దిగులు వలన పుండు పడుతుందని ఒకప్పుడు వైద్యులు కూడా నమ్మేవారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే డాక్టర్లు జీర్ణాశయంలో బ్రతికే హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమిని కనుగొన్నారు. చాలామందిలో పుండుకు అదే కారణమని తరువాత తేలింది. ఇందుకు వారికి 2005లో నోబెల్ బహుమానం లభించింది. ఈ క్రిమి ఉన్నదని పరీక్షలో తెలిస్తే, డాక్టరు వ్రాసిచ్చిన మందులు సాధారణంగా రెండు వారాలు, ఒక్క పూట కూడా మానకుండా వాడాలి. గ్యాసు బిళ్ళ మంటను తగ్గిస్తుంది గాని క్రిమిని చంపలేదు.

రెండవ కారణం నొప్పి బిళ్ళలు. నాట్లు, కలుపుతీతలు, మిరప కోతల రోజుల్లో నడుము నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి రోజూ మింగేవారు మనలో ఎందరో ఉన్నారు. ఇవి జీర్ణాశయపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. బిళ్ళకు బదులు సూది వేయించుకున్నా ఈ ప్రమాదం పూర్తిగా తప్పదు. అయితే గుండె జబ్బుకు డాక్టరు వ్రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం ఆయనను అడగకుండా మానకూడదు.

డాక్టరుకు చూపించవలసిన గుర్తులు

బాధ రెండు మూడు వారాలు దాటినా, గ్యాసు బిళ్ళ ఆపగానే తిరిగి వస్తున్నా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా అన్ని రోజులు కూడా ఆగకూడదు.

1. కారణం లేకుండా బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం.
2. మింగేటప్పుడు ముద్ద అడ్డుపడడం, మాటిమాటికి వాంతులు కావడం.
3. మలంలో రక్తం కనబడడం. "మొలలే" అని మనంతట మనమే తేల్చుకోకూడదు.
4. విరేచనాలు గాని, మలబద్ధకం గాని కొత్తగా మొదలై తగ్గకపోవడం. నొప్పికి లేదా విరేచనానికి రాత్రి మెలకువ రావడం.
5. మనిషి పాలిపోయి ఆయాసపడడం, కళ్ళు పచ్చబడడం.
6. యాభై ఏళ్ళు దాటాక ఎన్నడూ లేని కడుపు బాధ మొదలవడం.

రక్తం గాని, కాఫీ పొడి వంటిది గాని వాంతి అయినా, మలం తారులాగా నల్లగా జిగటగా వచ్చినా, పొట్ట చెక్కలా గట్టిపడినా అది అత్యవసరం. ఐరన్ బిళ్ళలు వాడేవారికి కూడా మలం నల్లబడుతుంది; అయినా డాక్టరుకు చెప్పడమే మంచిది. ఛాతీలో బరువు, చెమటలు, చేతికో దవడకో ప్రాకే నొప్పి ఉంటే గుండెపోటు కావచ్చు. దాన్ని గ్యాసు అనుకొని సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

సిగ్గు వద్దు, భయం వద్దు

మలవిసర్జన సంగతి డాక్టరుకు చెప్పడానికి మన ఆడవారు మరీ సిగ్గుపడతారు. ఇంటిల్లిపాదికీ వడ్డించి చివర తినే తల్లి ఎంత తిన్నదో ఎవరూ చూడరు. కుమారులారా, కోడళ్ళారా, అమ్మ జాకెట్టు వదులైందేమో, కంచంలో అన్నం తగ్గిందేమో గమనించండి.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు వాడిన బిళ్ళల అట్టలు వెంట తీసుకొని వెళ్ళండి. బాధ ఎన్ని వారాలుగా ఉన్నదో, తింటే పెరుగుతుందో తగ్గుతుందో చెప్పండి. ఎండోస్కోపీ చేయాలన్నంత మాత్రాన అది ఆపరేషన్ కాదు. సన్నని గొట్టాన్ని నోటిగుండా పంపి లోపల చూస్తారు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పుండు ఉన్నవారు, మధుమేహం ఉన్నవారు ఉపవాస ప్రార్థనకు ముందు డాక్టరు సలహా తీసుకోవాలి.

ప్రార్థించేవారు వైద్యుని దగ్గరకు వెళ్ళడం అవిశ్వాసమని కొందరు తలుస్తారు. హిజ్కియా కన్నీటి ప్రార్థనను దేవుడు ఆలకించాడు. అయినా ఆయన పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని యెషయా చెప్పాడు. తిమోతికి ఉన్న కడుపు జబ్బును పౌలు తేలికగా తీసుకోలేదు, దానికి ఏమి వాడాలో పత్రికలో వ్రాశాడు. 1883లో గుంటూరుకు వచ్చిన మిషనెరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ప్రార్థనతో పాటు మందు కూడా ఇచ్చారు. 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. సువార్తనూ వైద్యాన్నీ మన పెద్దలు వేరు చేయలేదు.

కనుక ప్రియ చదువరులారా, వారాల తరబడి కడుపు బాధను దిగమ్రింగుతున్నవారు మీ ఇంట ఉంటే, వారి కొరకు ప్రార్థించండి. ఆ ప్రార్థన ముగించి లేచి, వారిని వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరకు వెళ్ళండి.