స్మాష్ తరువాత, పట్టు ముందు!

సెలవులు వస్తే చాలు, మన ఊళ్ళలో రెండు గుంజలు పాతి వల కడతారు. కుర్రకారు షటిల్ బ్యాట్లతో దిగుతారు. వచ్చిన ప్రతివాడూ స్మాష్ కొట్టాలనే చూస్తాడు. తీరా పోటీలకు వెళితే మొదటి ఆటలోనే ఓడి తిరిగి వస్తాడు. లోపం బలంలో లేదు, పట్టులో ఉంది.

చాలామంది బ్యాట్‌ను అట్లకాడలా పట్టుకుంటారు. అలా పడితే మణికట్టు తిరగదు. ఎదుటివారితో చేయి కలిపినట్లు పట్టుకోవాలి. వేళ్ళు వదులుగా ఉంచి, కొట్టే క్షణంలోనే బిగించాలి.

రెండవది సర్వీసు. షటిల్‌ను ఐమూలగా ఉన్న ఎదుటి గడిలో వేయాలి. కొట్టేటప్పుడు అది నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తుకు లోపలే ఉండాలని 2018లో అంతర్జాతీయ నియమం వచ్చింది. నడుము దగ్గర కొట్టడం అలవాటైతే చిక్కు లేదు.

మూడవది కాళ్ళు. కోర్టు పొడవు 44 అడుగులు, సింగిల్స్‌కు వెడల్పు 17 అడుగులు. వల ఎత్తు మధ్యలో 5 అడుగులు. ఒక మూలకు వెళ్ళి కొట్టి అక్కడే నిలబడితే మిగతా కోర్టంతా ఖాళీయే. కొట్టిన ప్రతిసారీ మధ్యకు రావాలి.

ఈకల షటిల్ బరువు సుమారు 5 గ్రాములే. ఆరుబయట గాలికి కొట్టుకుపోతుంది. కనుక గాలి లేని తెల్లవారుజామునే ఆడటం మేలు. నేర్పేవారు లేరని దిగులు వద్దు. బడి గోడకు ఎదురుగా నిలబడి రోజూ వంద దెబ్బలు కొట్టినా పట్టు కుదురుతుంది.

నాగండ్ల గ్రామంలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. పల్లె అడ్డు కాదు. తప్పుడు అలవాటే అడ్డు. మొక్కై వంగనిది మానై వంగునా?