పొగచూరిన యింట పసివాని ఊపిరి

శీతకాలపు తెల్లవారుజామున పల్లెలలో పసిబిడ్డ మూలిగినచో పెద్దలు మొదట చూచునది వాని డొక్కలనే. ఊపిరి పీల్చినపుడెల్ల అవి లోనికి గుంజుకొనిపోవుచుండిన, ‘బిడ్డకు నెమ్ము చేసినది’ అందురు. వైద్యులు న్యుమోనియా అను ఈ వ్యాధి, ఊపిరితిత్తులలోని సన్నని గాలితిత్తులను చీముతోను ద్రవముతోను నింపి, ప్రాణవాయువు రక్తమున చేరకుండ అడ్డగించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2019లో ఐదేండ్లలోపు పిల్లలు 7,40,000 మంది దీనివలన మరణించిరి.

న్యూమోకాకస్ వంటి సూక్ష్మజీవులు ఆరోగ్యముగా ఆడుకొను బిడ్డల ముక్కులలోను గొంతులలోను సైతము వసించుచుండును. అవి ఊపిరితిత్తులకు దిగి విజృంభించుటకు త్రోవ యిచ్చునది తఱచుగా బిడ్డ పెరుగుచున్న గృహమే. కిటికీ లేని ఒంటిగది గుడిసెలో, వానకు నానిన పుల్లలను పిడకలను మట్టిపొయ్యిలోనికి ఎగద్రోయుచు, ఊదుగొట్టముతో నిప్పు రాజేయుచు, కన్నీరు కొంగున తుడుచుకొను తల్లి చెంతనే, చీర ఉయ్యెలలో పవళించిన ఆరు మాసముల పసికందు, గంటల తరబడి ఆమెతోపాటు ఆ పొగనే పీల్చుచున్నది. పసివారి ఊపిరి పెద్దల ఊపిరికంటె వడిగలది. శ్వాసనాళములలోని కఫమును, దుమ్మును వెలికి నెట్టుచుండు సూక్ష్మరోమములు ఆ పొగకు నీరసించును. ఇట్టి పొగవలన అపాయము దాదాపు రెట్టింపగునని పై సంస్థయే చెప్పుచున్నది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపం పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును పేదయిండ్లకు గ్యాసుపొయ్యిలను చేర్చినవి. అది కొనియాడదగిన కార్యమే. కాని గ్యాసుబండకు రొక్కము చాలని నెలలో మరల కట్టెలపొయ్యియే వెలుగును.

రెండున్నర కిలోలకు తక్కువ తూకముతో పుట్టిన శిశువును, ఆరు మాసములు నిండకమునుపే చనుబాలకు దూరమైన శిశువును, తిండి చాలక కండ కరగిన శిశువును వ్యాధి సులభముగ లోబరచుకొనును. దగ్గి కఫమును వెలికి త్రోయు శక్తి సైతము వారికుండదు. పాలు మాన్పించినదని తల్లిని నిందించువారిని నేనెరుగుదును. ప్రొద్దు పొడవకమునుపే నాట్లకో మిరపకోతకో పోక తప్పని కూలితల్లి, బిడ్డను ఏడేండ్ల అక్క చంకకెత్తి పోయినపుడు, పొలమున పాలు చేపి రొమ్ములు సలుపు బాధ ఎట్టిదో ఆ నిందించువారెరుగరు.

ఒకే గదిలో ఏడెనిమిదిమంది నిదురించుట, తట్టు సోకుట, ఇంటివారి బీడీపొగ, వీనిని గూర్చి విస్తరింపనక్కరలేదు. అయితే న్యూమోకాకస్ టీకా 2021 నుండి దేశమంతటను ఉచితముగ లభించుచున్నదనియు, ఆరవ వారమునను, పదునాల్గవ వారమునను, తొమ్మిదవ మాసమునను దానిని వేయుదురనియు ప్రతి తల్లికి తెలియవలెను.

ఇన్నింటినిమించిన అపాయము ఆలస్యము. ఆసుపత్రి దూరము, ఆ దినపు కూలి పోవును, తెల్లవారిన తగ్గునేమో అను ఆశ. ఈలోపుననే బిడ్డ చేయి జారిపోవును. ప్రాణహిత నదికి ఆవల, తెలంగాణకు పొరుగైన గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు ఈ ఆలస్యమునే ఎదుర్కొనదలచి, గ్రామ ఆరోగ్య కార్యకర్తలకును, మంత్రసానులకును వ్యాధిని గుర్తించి మందు నిచ్చుట నేర్పిరి. పెద్ద లెక్కలు రాని మంత్రసాని ఇసుకగడియారము నొకటి తిరుగవేసి, పది ఊపిరులకొక పూస చొప్పున జరుపును. ఇసుక జారిపోకమునుపే వరుస చివరి ఎర్రపూస వచ్చినచో అది నెమ్మే. 1990లో లాన్సెట్ పత్రికలో ప్రకటితమైన ఫలితముల ప్రకారము, ఆ సేవ అందని గ్రామములలో ఐదేండ్లలోపు పిల్లలు వేయింటికి 17.5 మంది న్యుమోనియాచే మరణింపగా, అందిన గ్రామములలో 8.1 మంది మాత్రమే మరణించిరి.

ఆ ఊపిరుల లెక్క ఏ యింటనైనను చేయవచ్చును. బిడ్డ నెమ్మదిగానున్నపుడు చొక్కా పైకెత్తి, నిండు నిమిషము పొట్ట కదలికను లెక్కింపవలెను: రెండు మాసములలోపు శిశువునకు 60, ఏడాదిలోపు 50, ఐదేండ్లలోపు 40, అంతకు చేరినను మించినను అది వడియూపిరి. డొక్కలు లోనికి పోవుచున్నను, బిడ్డ పాలు త్రాగలేకున్నను, లెక్క ఎంతయైనను కానిండు, తెల్లవారువరకు ఆగక ఆ రాత్రియే ఆసుపత్రికి కొనిపోవలెను.