యూనిట్ 9: గ్యాస్ టర్బైన్లలో జ్వాలా సెన్సార్లు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• గ్యాస్ టర్బైన్‌లో జ్వాల ఉందో లేదో క్షణక్షణం ఎందుకు తెలుసుకోవాలో వివరించగలుగుతారు.
• వేడిని గుర్తించడానికీ జ్వాలను గుర్తించడానికీ తేడా చెప్పగలుగుతారు.
• సిలికాన్ కంటే సిలికాన్ కార్బైడ్ ఈ పనికి ఎందుకు తగినదో లెక్క కట్టి చూపగలుగుతారు.
• సెన్సార్‌లో వచ్చే లోపాల్లో ఏది నష్టకరమో, ఏది ప్రమాదకరమో వేరు చేయగలుగుతారు.

9.1 పరిచయం

పొయ్యి మీద పాలు పొంగి బర్నర్ ఆరిపోవడం మీ అందరికీ తెలిసిన విషయమే. మంట పోయింది కానీ గ్యాసు వస్తూనే ఉంటుంది. గిన్నె వేడిగా ఉంటుంది, బర్నర్ వేడిగా ఉంటుంది. చేత్తో తాకి చూసేవాడికి పొయ్యి ఇంకా వెలుగుతున్నట్టే ఉంటుంది. అసలు సంగతి కంటితో చూస్తేనే తెలుస్తుంది. ఈ యూనిట్‌లో మనం చదవబోయే సాధనం చేసే పని ఇదే. అది తాకి చూడదు, కంటితో చూస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి, కృష్ణా తీరాల్లో సహజవాయువుతో నడిచేలా కట్టిన విద్యుత్ కేంద్రాలు చాలా ఉన్నాయి. విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, సామర్లకోట, కొండపల్లి అలాంటివి. వాటిలో గ్యాస్ టర్బైన్ ప్రధాన యంత్రం. కంప్రెసర్ గాలిని పది నుంచి పదిహేను రెట్ల పీడనానికి నొక్కుతుంది. దహన గదుల్లో ఆ గాలిలో ఇంధనం మండుతుంది. వేడెక్కిన వాయువులు టర్బైన్ రెక్కలను తిప్పి పొగగొట్టం వైపు వెళతాయి. కంబైన్డ్ సైకిల్ కేంద్రాల్లో దారిలో ఒక బాయిలర్ కూడా ఉంటుంది. వృథా పోయే వేడిని అది ఆవిరిగా మారుస్తుంది.

9.2 జ్వాల ఆరిపోతే ఏమవుతుంది?

టర్బైన్‌ను మొదలుపెట్టేటప్పుడు ముందుగా గాలిని తోలి లోపల మిగిలిన గ్యాసును బయటికి పంపుతారు. తరవాత స్పార్క్ ప్లగ్‌లు వెలిగించి ఇంధనం వదులుతారు. నిర్ణీత సెకన్లలోపు జ్వాల కనిపించకపోతే నియంత్రణ వ్యవస్థ ఇంధనాన్ని ఆపివేసి, మళ్ళీ గాలి తోలే పని మొదలుపెట్టాలి. అలా ఆపకపోతే ఏమవుతుందో ఒక లెక్క చూద్దాం.

ఉదాహరణ 1: సెకనుకు 1 కిలో చొప్పున మీథేన్ 10 సెకన్లు మండకుండా వెళ్ళిందనుకుందాం. 10 కిలోల మీథేన్ మామూలు పీడనం వద్ద సుమారు 15 ఘనపు మీటర్ల చోటు తీసుకొంటుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఆ మిశ్రమం అంటుకొంటుంది. అంటే ఆ 15 ఘనపు మీటర్లు గాలితో కలిసి 100 నుంచి 300 ఘనపు మీటర్ల పేలుడు మిశ్రమంగా మారగలవు. టర్బైన్ వెనక ఉన్న వాహికలు, బాయిలర్ ఆ మిశ్రమానికి కావలసినంత చోటు ఇస్తాయి.

మండని గ్యాసు ఎంత ప్రమాదకరమో మన రాష్ట్రం చూసింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి లీకైన సహజవాయువు ఊరి గాలిలో పరుచుకొని, ఆ తరవాత అంటుకొంది. 20 మందికి పైగా చనిపోయారు. అది టర్బైన్ ప్రమాదం కాదు, జ్వాలా సెన్సార్‌కు దానితో సంబంధం లేదు. కానీ సూత్రం ఒకటే: వస్తూ వస్తూనే మండే గ్యాసు అదుపులో ఉంటుంది, పోగుపడి ఆలస్యంగా మండే గ్యాసు విధ్వంసం చేస్తుంది.

నడుస్తున్న యంత్రంలో కూడా జ్వాల ఆరిపోవచ్చు. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి ఆధునిక టర్బైన్లలో ఇంధనాన్ని ఎక్కువ గాలితో ముందే కలిపి పలుచగా మండిస్తారు. మిశ్రమం పలుచబడిన కొద్దీ జ్వాల ఆరిపోయే హద్దుకు దగ్గరవుతుంది. కాబట్టి సెన్సార్ పని వెలిగించడంతో ముగిసిపోదు.

9.3 వేడి వేరు, జ్వాల వేరు

ఉష్ణోగ్రతను కొలిచే థర్మోకపుల్ ఒకటి పెడితే సరిపోదా అని మీకు సందేహం రావచ్చు. కొన్ని గృహోపకరణాల్లో అదే వాడతారు. కానీ అది చల్లబడి గ్యాసును ఆపడానికి చాలా సెకన్లు పడుతుంది. పొయ్యికి అది సరిపోవచ్చు. సెకనుకు కిలోల లెక్కన ఇంధనం వెళ్ళే యంత్రానికి సరిపోదు.

మరి కాంతిని చూస్తే? ఇక్కడా ఒక చిక్కుంది. కమ్మరి కొలిమిలోంచి తీసిన ఇనుము ఎర్రగా మెరుస్తుంది, కానీ దాని మీద మంట ఉండదు. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోని ఫెర్రో అల్లాయ్ కర్మాగారాల్లో ఫర్నేస్ నుంచి పోసిన లోహం కూడా అంతే. దహన గది గోడలూ అలాంటివే. జ్వాల ఆరిన తరవాత కూడా అవి కొంతసేపు కాంతిని వెదజల్లుతూనే ఉంటాయి. గోడ మెరుపును జ్వాలగా పొరబడే సెన్సార్ ఉన్నా లేనట్టే.

ఈ రెండు కాంతులనూ వేరు చేసేది తరంగదైర్ఘ్యం. వేడి గోడ నుంచి వచ్చేది ఉష్ణ వికిరణం. వీన్ స్థానభ్రంశ నియమం ప్రకారం 1200 కెల్విన్ వద్ద ఉన్న గోడ వికిరణం సుమారు 2400 నానోమీటర్ల దగ్గర, అంటే పరారుణ ప్రాంతంలో, గరిష్ఠంగా ఉంటుంది. జ్వాల కాంతిలో ఒక భాగం మాత్రం వేడి వల్ల కాక రసాయన చర్య వల్లనే పుడుతుంది. ఇంధనం మండేటప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ ఉత్తేజిత స్థితిలో ఏర్పడుతుంది. అది సామాన్య స్థితికి దిగుతూ 310 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కాంతిని ఇస్తుంది. దీన్ని రసాయన దీప్తి అంటారు. చర్య ఆగిన క్షణంలో ఈ దీప్తి కూడా ఆగిపోతుంది. గ్యాస్ పొయ్యి మంటలో మీరు చూసే నీలిరంగు కూడా ఇలాంటిదే. అది 431 నానోమీటర్ల దగ్గర ఉత్తేజిత సీహెచ్ రాడికల్ ఇచ్చే కాంతి.

ఉదాహరణ 2: 1200 కెల్విన్ గోడ 310 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతి ఇస్తుంది? ప్లాంక్ సూత్రంతో లెక్క కడితే, 2400 నానోమీటర్ల దగ్గర ఇచ్చేదానిలో సుమారు 1500 కోట్లవ వంతు అని వస్తుంది. అంటే 310 దగ్గర చూసే కంటికి ఎర్రటి గోడ దాదాపు చీకటి. ఆ చీకటిలో జ్వాల ఒక్కటే వెలుగుతూ కనిపిస్తుంది.

ఇంధనం మారితే ఈ నిర్ణయం మారవచ్చు. పరవాడ దగ్గరి సింహాద్రి కేంద్రం బొగ్గుతో నడుస్తుంది. బొగ్గు పొడి, పొగ అతినీలలోహిత కాంతిని మింగేస్తాయి. అందుకే బొగ్గు బాయిలర్లలో సాధారణంగా దృశ్య, పరారుణ కాంతుల్లో జ్వాల రెపరెపలాడటాన్ని చూసే సెన్సార్లు వాడతారు. గోడ నిలకడగా మెరుస్తుంది, జ్వాల రెపరెపలాడుతుంది. అక్కడ వాటిని వేరు చేసే గుర్తు అది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. జ్వాల ఆరిన తరవాత గోడ నుంచి ఏ కాంతి వస్తుంది? జ్వాల నుంచి ఏది ఆగిపోతుంది?
2. థర్మోకపుల్ టర్బైన్‌లో జ్వాలా సెన్సార్‌గా ఎందుకు పనికిరాదు?

9.4 ఏ పదార్థంతో చేయాలి?

పాత టర్బైన్లలో అతినీలలోహిత ట్యూబులు వాడేవారు. గాజు ట్యూబులో తక్కువ పీడనంలో వాయువు నింపి, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య 300 వోల్టులకు పైగా పీడనం పెడతారు. ఫోటాన్ తగిలి కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్ ఊడితే విద్యుత్ ఉత్సర్గం జరుగుతుంది. ఈ ట్యూబులు సుమారు 185 నుంచి 260 నానోమీటర్ల వరకే చూస్తాయి. హైడ్రాక్సిల్ దీప్తి బలంగా ఉండే 310 వాటి చూపుకు అందదు. పైగా ముసలిదైన ట్యూబులో ఉత్సర్గం ఫోటాన్ అవసరం లేకుండా తనంతట తానే కొనసాగవచ్చు. అప్పుడది జ్వాల లేకున్నా ఉందని చెబుతుంది.

అర్ధవాహక ఫోటోడయోడ్‌లో ఎలక్ట్రాన్‌ను కదిలించాలంటే ఫోటాన్ శక్తి ఆ పదార్థపు శక్తి అంతరం కంటే ఎక్కువ ఉండాలి. దీనికి సులువైన సూత్రం:

గరిష్ఠ తరంగదైర్ఘ్యం (నానోమీటర్లలో) = 1240 ÷ శక్తి అంతరం (ఎలక్ట్రాన్ వోల్టులలో)

ఉదాహరణ 3: సిలికాన్ శక్తి అంతరం 1.12. కాబట్టి హద్దు సుమారు 1107 నానోమీటర్లు. సిలికాన్ జ్వాలనూ చూస్తుంది, మెరిసే గోడనూ చూస్తుంది. 4హెచ్ రకం సిలికాన్ కార్బైడ్ శక్తి అంతరం 3.26. హద్దు సుమారు 380 నానోమీటర్లు. అది 310ని చూస్తుంది. ఎరుపుకూ పరారుణానికీ గుడ్డిది. ఇక్కడ ఆ గుడ్డితనమే మనకు కావలసిన గుణం.

రెండో లాభం వేడిని తట్టుకోవడం. సిలికాన్ డయోడ్‌లో కాంతి లేకపోయినా పారే లీకేజి విద్యుత్తు ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది. 25 నుంచి 125 డిగ్రీలకు పోతే అది వెయ్యి రెట్లవుతుంది. ఆ హోరులో జ్వాల ఇచ్చే చిన్న విద్యుత్తు వినబడదు. శక్తి అంతరం ఎక్కువ ఉన్న సిలికాన్ కార్బైడ్‌లో ఈ లీకేజి అత్యల్పం. 1990ల దశకంలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకులు ఈ పదార్థంతో టర్బైన్లకు తగిన ఫోటోడయోడ్లు రూపొందించారు.

9.5 సెన్సార్‌ను బిగించడం, నమ్మడం

కంటిని ఎంపిక చేసినంత మాత్రాన పని అయిపోదు. దహన గదిలోకి వచ్చే గాలే 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అందువల్ల సెన్సార్‌ను గది బయట, చూపు గొట్టం చివర బిగిస్తారు. మధ్యలో క్వార్ట్జ్ వంటి కిటికీ ఉంటుంది. మామూలు గాజు 310 దగ్గర కాంతిని చాలావరకు ఆపుతుంది. డయోడ్ వేడిని ఓర్చుకొన్నా, దాని సంకేతాన్ని పెంచే ఎలక్ట్రానిక్ భాగాలు ఓర్చుకోవు. పాత పద్ధతిలో చుట్టూ నీళ్ళ గొట్టం చుట్టి చల్లబరుస్తారు. ఆ నీరు కారితే వేడి కేసింగ్ మీద పడి మరో సమస్య తెస్తుంది. అందుకే కొత్త రూపాల్లో వేడిచోట కన్ను మాత్రమే ఉంచి, ఎలక్ట్రానిక్ భాగాలను కేబుల్‌తో దూరంగా పెడతారు.

లోపాలు రెండు రకాలు. కిటికీ మీద నూనె లేదా మసి పేరుకొంటే జ్వాల ఉన్నా లేదంటుంది. అప్పుడు యంత్రం అనవసరంగా ఆగుతుంది. విద్యుత్తు పోతుంది, హఠాత్తుగా చల్లబడి భాగాలు అలసిపోతాయి. ఇది నష్టం. జ్వాల లేకున్నా ఉందంటే గ్యాసు పోగుపడుతుంది. ఇది ప్రమాదం. రూపకర్త ఎప్పుడూ రెండోదాన్ని అసాధ్యం చేసి, ఆ తరవాతే మొదటిదాన్ని తగ్గించాలి.

ఇందుకు రెండు మార్గాలు. ఒకటి, సంకేతాన్ని 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల మధ్య పంపడం. 4 అంటే జ్వాల లేదు. సున్నా అంటే తీగ తెగింది. తెగిన తీగను ఎవరూ జ్వాలగా చదవరు. రెండు, ఒక్క కంటిని నమ్మకపోవడం. ఉదాహరణకు జనరల్ ఎలక్ట్రిక్ 9ఈ రకం టర్బైన్‌లో 14 దహన గదులు వలయంగా ఉంటాయి. వాటిని గొట్టాలు కలుపుతాయి. స్పార్క్ ఉన్న గదిలో పుట్టిన మంట వాటి గుండా పక్క గదులకు పాకుతుంది. అందుకే సెన్సార్లను స్పార్క్‌కు దూరంగా, ఎదుటి వైపు గదుల్లో పెడతారు. అక్కడ మంట కనిపిస్తే వలయమంతా అంటుకొన్నట్టే. ఒక్క సెన్సార్ లేదంటే హెచ్చరిక మోగుతుంది. ఎక్కువ సెన్సార్లు లేదంటే ఇంధనం ఆగుతుంది.

గ్యాసు కొరత వల్లనో, అవసరాన్ని బట్టి నడపడం వల్లనో ఒక కేంద్రం తరచు ఆగి మొదలవుతుంటే, వెలిగించే ఘడియలు అన్ని ఎక్కువవుతాయి. ప్రతి ఘడియలోనూ ఇంధనం ఉంచాలా తీయాలా అన్నది ఈ చిన్న కంటి మాట మీదనే ఆధారపడుతుంది.

9.6 సారాంశం

జ్వాలా సెన్సార్ వేడిని కాక దహన చర్యను చూడాలి. హైడ్రాక్సిల్ రాడికల్ ఇచ్చే 310 నానోమీటర్ల కాంతి ఆ చర్యకు నమ్మదగిన సాక్షి. ఆ కాంతిని చూసి, గోడ మెరుపును చూడకుండా, వేడిని తట్టుకొనే పదార్థం సిలికాన్ కార్బైడ్. సెన్సార్ చెడిపోతే అది ‘జ్వాల లేదు’ అనే వైపుకే చెడిపోయేలా మొత్తం వ్యవస్థను కూర్చాలి.

9.7 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. వేడి గోడ కాంతి, జ్వాల కాంతి – ఈ రెండింటినీ తరంగదైర్ఘ్యం ఆధారంగా పోల్చండి.
2. అతినీలలోహిత ట్యూబు, సిలికాన్ కార్బైడ్ ఫోటోడయోడ్‌ల గుణదోషాలు రాయండి.
3. గాలియం నైట్రైడ్ శక్తి అంతరం 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు. అది హైడ్రాక్సిల్ దీప్తిని చూడగలదా? లెక్క కట్టండి.
(జవాబు: హద్దు సుమారు 365 నానోమీటర్లు, 310 అంతకంటే తక్కువ కాబట్టి చూడగలదు.)
4. ‘తప్పుగా ఆగిన యంత్రం నష్టం, తప్పుగా నడిచిన యంత్రం ప్రమాదం’ – ఈ మాటను జ్వాలా సెన్సార్ల విషయంలో చర్చించండి.