సామాన్ల దగ్గర ఎవరు కూర్చోవాలి?

కర్నూలు, కడప ఇళ్లలో థీమ్ పార్క్ ప్రయాణం అనుకోగానే తేలాల్సిన లెక్కలు చాలా ఉన్నాయి. టికెట్ ధర అందులో చిన్నది.

కర్నూల్లో ఏ ఇంట్లోనైనా 'వండర్‌లా పోదాం' అన్న మాట వచ్చిందంటే, టికెట్ల కంటే ముందు పంచాయితీ మొదలవుతుంది. పదో తరగతి చదివేవాడికి అక్కడి రోలర్ కోస్టర్ రీకాయిల్ ఎక్కాలి. నాలుగేళ్ల పాపకు నీళ్లుంటే చాలు, ఏ నీళ్లయినా ఫరవాలేదు. నాయనకు సోమవారం డ్యూటీ, ఆదివారం రాత్రికి ఇల్లు చేరాల్సిందే. 'నీళ్లలో దుంకనీకి హైదరాబాదు దాకా పోవాల్నా?' అంటుంది అవ్వ. అలాగని ఇంట్లో వదిలేసి పోతామంటే ఊరుకోదు. అమ్మకు ఏం కావాలో ఎవరూ అడగరు. ఎన్ని తువ్వాళ్లు పెట్టాలో ఆమె అప్పటికే లెక్కేసుకుంటూ ఉంటుంది.

ఇట్లాంటి ప్రయాణాలు రైడ్ల దగ్గర చెడవు. సామాన్ల దగ్గర చెడతాయి. ఆరుగురు పోతే ఒకరు బ్యాగులు, చెప్పులు, ఫోన్లు, తడిబట్టలు ముందేసుకుని చెట్టు కింద కూర్చుంటారు. ఆ ఒక్కరు దాదాపు ఎప్పుడూ అమ్మో, అవ్వో. ఆమెకూ టికెట్ కొన్నాం కదా అన్న సంగతి సాయంత్రం దాకా ఎవరికీ గుర్తు రాదు. అందుకే ప్లాన్ వేయడమంటే నా దృష్టిలో మొదట ఈ కాపలా సంగతి తేల్చడం. ఎక్కడికి, ఎప్పుడు, ఎట్లా అన్నవి దాని వెనకాలే తేలతాయి.

ఎక్కడికి అన్నదానికి కర్నూలువాళ్లు పెద్దగా తల పగలగొట్టుకోనక్కర్లేదు. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు తగులుతుంది. తుక్కుగూడ దాటి రావిర్యాల ఎగ్జిట్ దగ్గర దిగితే వండర్‌లా. అదే ఔటర్ మీద ఇంకా ముందుకు పోయి పెద్ద అంబర్‌పేట దగ్గర విజయవాడ రోడ్డు పట్టుకుంటే రామోజీ ఫిల్మ్ సిటీ. రెండింట్లో దేనికి పోయినా హైదరాబాద్ ఊళ్లోకి అడుగు పెట్టే పని లేదు. అటూఇటుగా 200 కిలోమీటర్లు.

రెండూ ఒకటే రకం కాదు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ ప్రపంచంలోనే అతి పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్‌కెక్కింది. అక్కడ బస్సెక్కించి సెట్టింగులు, షోలు చూపిస్తారు, కూర్చుని చూసేది ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదే మేలు. వండర్‌లా ఒళ్లు అలిసే వ్యవహారం. దాని వెనకున్న కొచౌసెఫ్ చిట్టిలప్పిళ్లి ఎవరో కాదు, మన ఇళ్లల్లో ఫ్రిజ్ పక్కన గుర్రుమనే వీ-గార్డ్ స్టెబిలైజర్ల ఆసామే. 2000లో కొచ్చిలో, 2005లో బెంగళూరు దగ్గర బిడదిలో పార్కులు తెరిచి, 2016 ఏప్రిల్‌లో హైదరాబాద్‌కు వచ్చారు. ఒక వారాంతంలో ఈ రెండూ చుట్టేద్దామనుకునే నాయనలు కొందరుంటారు. ఐదేళ్లలోపు పిల్ల ఉన్న ఇంట్లో ఆ మాట ఎత్తొద్దు.

ఎప్పుడు పోవాలన్నదానికి పంచాంగం పనికొస్తుంది. పెళ్లిళ్ల కాలంలో మన శని, ఆదివారాలు మనవి కావు. ఏదో ఒక ఫంక్షన్ హాల్లో భోజనం రాసిపెట్టి ఉంటుంది. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి వారాంతాలు ఖాళీ. బడులు జూన్‌లోనే తెరుస్తారు కాబట్టి వేసవి సెలవుల జనం పలచబడి ఉంటుంది. ఫీజులూ పుస్తకాల ఖర్చూ అయ్యాక జేబులో ఏం మిగిలింది అన్నది వేరే విషయం. వానల సంగతీ ఉంది. తుంపర పడితే ఏం కాదు గానీ ఉరుములు మెరుపులు మొదలైతే ఎత్తయిన రైడ్లు ఆపేస్తారు. కార్తీకం ఆదివారాలు వనభోజనాలవి. నవంబరు నుంచి సంక్రాంతి దాకా బడుల విహారయాత్రలు. ఆ రోజుల్లో వారం మధ్యలో పోయినా పార్కింగులో పసుపు బస్సులు బారులు తీరి ఉంటాయి. రెండో శనివారాన్ని వదిలేయండి. ఒక శుక్రవారం సెలవు పెట్టుకోగలిగితే వరసా తగ్గుతుంది, టికెట్ ధరా తగ్గుతుంది.

మే నెలలోనే పోతామంటే మాత్రం ఊరంతా అక్కడే ఉంటుందని అనుకుని పోండి. 1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచిన రోజు సంగతి చెబుతారు. దొంగ టికెట్లతో జనం పిలిచినదానికంటే చాలా ఎక్కువగా విరగబడ్డారు. కొత్తగా పోసిన తారు ఎండకు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలా, మరుగుదొడ్లా ఏదో ఒకటే సిద్ధం చేయగలిగే పరిస్థితి వస్తే వాల్ట్ డిస్నీ మరుగుదొడ్లకే ఓటేశాడు. తారు మెత్తబడటమూ, కుళాయి రాకపోవడమూ మనకు వింతేం కాదు. కానీ దానికోసం టికెట్ కొనుక్కుని పోనక్కర్లేదు గదా!

ఎండాకాలం ట్యాంకరు దగ్గర బిందె పెట్టి వరసలో నిలబడ్డవాళ్లు, నీళ్లలో దూకడానికి వరసలో నిలబడటంలో ఒక తమాషా ఉంది. మన పెద్దవాళ్లకు నీళ్ల ఆటంటే కేసీ కెనాలే. సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలి కడప దాకా 300 కిలోమీటర్ల పైచిలుకు సాగే ఆ కాలువే కర్నూలు, కడప రెండు ఊళ్లనూ కలిపింది. లాకుల దగ్గర గట్టు మీద నుంచి దూకినవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. వాళ్లను వేవ్ పూల్ దగ్గరకు తీసుకుపోతే మోకాళ్ల లోతులోనే నిలబడి నవ్వుతారు గానీ, కదలరు.

టికెట్ తీసే ముందు పిల్లల్ని గోడకు నిలబెట్టి కొలవండి. చెప్పుల్లేకుండా, జుట్టు అణిచి, నెత్తిన అట్ట పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి టేపు పట్టండి. వండర్‌లాలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. 140 దాటితే పెద్దల టికెట్. పెద్ద రైడ్లలో చాలావాటికి ఆ 140 గీతే గేటు. మన లెక్కలో నాలుగడుగుల ఏడంగుళాలు. పదకొండేళ్లవాడు 137 దగ్గర ఆగిపోయాడంటే ఆ సంగతి ఇంట్లో తెలియాలి. గంటసేపు వరసలో నిలబడి, చివర్న కొలకర్ర దగ్గర తెలిస్తే ఆ పూట పాడైనట్టే. 'అన్న ఎక్కుతాడు, నువ్వు ఈసారికి కాదు' అని బయల్దేరక ముందే చెప్పిన ఇంట్లో ఏడుపు కూడా ముందే అయిపోతుంది.

బట్టల సంగతి అంతకంటే పెద్ద తగువు. నీళ్ల రైడ్లలోకి నైలాన్, లైక్రా లాంటి సింథటిక్ బట్టలే రానిస్తారు. కాటన్ బట్టలు, చీరలు కుదరవు. గేటు దాటాక తెలిస్తే లోపల దుకాణంలో కొనాలి, లేదా గట్టు మీద కూర్చోవాలి. సామాన్ల కాపలా చాలాసార్లు ఇట్లాగే అమ్మ మెడకు చుట్టుకుంటుంది. ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమె మామూలు చీరలోనో, కాటన్ చుడీదార్‌లోనో వస్తుంది. కాబట్టి మొదట కొనాల్సింది ఆమె బట్టలు. బంగారం ఇంట్లో పెట్టేయండి. వదులు గాజులు, ఉంగరాలు అలల్లో జారితే దొరకవు. పుస్తెలతాడు తీయనంటే దాన్ని లోపలికి దోపి పిన్నీసు పెట్టుకోవాలి. కళ్లద్దాలకు వెనక తాడు కట్టండి. నాయన బీపీ మాత్రలు తడవని కవర్లో పెట్టండి.

శనివారం తెల్లారి ఐదున్నరకు కదిలితే తుంగభద్ర వంతెన మీద ఇంకా చల్లగా ఉంటుంది. ఫాస్టాగ్‌లో డబ్బు రాత్రే వేసుకోవాలి, పుల్లూరు టోల్‌గేటు ఊరు దాటగానే వస్తుంది. తర్వాత శాఖాపూర్, రాయికల్. బయటి తిండి పార్కులోకి రానివ్వరు. కాబట్టి ఇంట్లో చేసిన ఉగ్గాని గానీ చిత్రాన్నం గానీ దారిలోనే అయిపోవాలి. అందుకు బీచుపల్లికి మించిన చోటు లేదు. కృష్ణ ఒడ్డు, ఆంజనేయస్వామి గుడి, చెట్ల నీడ. అవ్వ దండం పెట్టుకుని వచ్చేలోపు బజ్జీలు చల్లారతాయి, అంతే నష్టం. గంట తిరక్కముందే రెండు నదులు దాటిన ప్రయాణం అన్నమాట. గేటు 11 గంటలకు తెరుస్తారు. పదిన్నరకల్లా అక్కడుంటే చాలు. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, ఆ రోజు వేళలూ అక్కడే చూసుకోండి.

లోపల చూపాల్సింది లెక్క. ఒక రైడ్‌లో ఒక విడతకు 20 మంది ఎక్కుతారనుకుందాం. ఎక్కించి, తిప్పి, దించడానికి మూడు నిమిషాలు. అంటే గంటకు 400 మంది. ముందు 200 మంది ఉంటే అరగంట. వరసలో చేరే ముందు పిల్లలతో తలలు లెక్కపెట్టించండి. రెండు మూడు రైడ్లయ్యాక వాళ్లే 'ఇది వద్దు నాయనా, నలభై నిమిషాలు' అంటారు. గేటు తెరవగానే అందరూ మొదట కనబడ్డ రైడ్ మీద పడతారు. వాళ్లను అక్కడే వదిలేసి పార్కు ఆ చివరకు నడవండి. రీకాయిల్ లాంటిది, ముందుకు పోయిన దారినే వెనక్కి లాక్కొచ్చే ఆ రోలర్ కోస్టర్, తొలి గంటలో ఎక్కేయాలి. కడుపు నిండక ముందే అయిపోతుంది కూడా. నీళ్ల రైడ్లు ఆలస్యంగా మొదలై, పొడి రైడ్ల కంటే ముందే ఆగుతాయి. జనమంతా భోజనం చేసి ఒక్కసారిగా నీళ్లవైపు కదులుతారు. మీరు పన్నెండుకే తినేసి ముందుగా అటు పోండి, లేదా వాళ్లు నీళ్లలో ఉన్నప్పుడు ఇటు పొడి రైడ్లు ఎక్కండి. ఎక్కువ డబ్బు పెట్టి ఫాస్ట్‌ట్రాక్ టికెట్ కొంటే వరస తప్పుతుంది. నలుగురున్న కుటుంబానికి అది భారమే. జనం విరగబడే రోజున తప్ప నేనైతే కొనను.

లాకర్ మాత్రం తీసుకోండి. కొందరు ఇక్కడ పొదుపు చేస్తారు. లాకర్ అద్దె మిగిల్చి, అంతకు ఎన్నో రెట్ల టికెట్ కొన్న మనిషిని కాపలా పెడతారు! లాకర్‌లో పట్టని తువ్వాళ్లు, పాప పాలసీసా ఎట్లాగూ ఉంటాయి. దానికి వంతులు వేసుకోవాలి. గంటకొకరు, నాయనతో మొదలుపెట్టి. పదో తరగతివాడు కూడా ఒక వంతు కూర్చోవాలి, ఫోను చేతికిస్తే కూర్చుంటాడు. అవ్వకు కాపలా డ్యూటీ వేయొద్దు. ఆమె కూర్చుంటుంది సరే, అది విశ్రాంతి కావాలి. బ్యాగుల మీద చెయ్యేసుకుని కూర్చోవడం విశ్రాంతి కాదు. వేవ్ పూల్‌లో అలలు వచ్చే ముందు కూత వేస్తారు. అది వినగానే వంతు ఎవరిదైనా సరే, అమ్మ పరుగెత్తుకుంటూ పోయేట్టు ఉండాలి.

కర్నూలు నుంచి పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్లున్నారు. రోజంతా నీళ్లలో నానిన మనిషి రాత్రి 200 కిలోమీటర్లు బండి నడపడం నాకు నచ్చదు. దిల్‌సుఖ్‌నగర్ వైపు చిన్నాయనో, మేనత్తో లేని కర్నూలు ఇల్లు తక్కువే. లేకుంటే శంషాబాద్‌లో ఒక గది. ఆదివారం పొద్దున నింపాదిగా బయల్దేరి, అలంపూర్ చౌరస్తా దగ్గర రోడ్డు దిగితే ఆ పూట అవ్వది. జోగులాంబ దర్శనం, పక్కనే చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు. ఈ ఒక్క మలుపు మాటిస్తే ఆమె శనివారమంతా కిక్కురుమనదు. గుడి దగ్గర చెప్పులకు పిల్లల్ని కాపలా పెట్టండి. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు.

కడపవాళ్లకు లెక్క వేరు. బెంగళూరు దగ్గరే అనిపిస్తుంది. గువ్వలచెరువు ఘాట్ దాటుతూ పాలకోవా కొనుక్కుంటూ పోవచ్చు. కానీ బిడది బెంగళూరుకు ఆవలి వైపు, మైసూరు రోడ్డులో ఉంది. ఆ ఊరి ట్రాఫిక్కును దాటడమే ఒక పూట. చెన్నైదీ అదే వరస, పార్కులు చాలావరకు ఊరికి దక్షిణాన సముద్రం వైపే ఉన్నాయి. అంత తంటా వద్దనుకుంటే జిల్లా దాటకుండా గండికోట ఉంది. పెన్నా లోయ అంచున నిలబడటానికి టికెట్ గీతలు లేవు. అయితే పిల్లల చెయ్యి వదలకూడదు. అక్కడ పర్యాటక వసతులకు 2024లో కేంద్రం 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అక్కడికి దగ్గర్లోనే కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలు. 3,229 మీటర్ల గుహలో కిలోమీటరున్నర దాకా నడవొచ్చు. లోపల ఉక్కపోత, మెట్లు. అవ్వను పైనే ఉంచండి.

పార్కే కావాలంటే కడపకు మంచి దారి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లారి కాచిగూడ. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 120 రోజుల పాత లెక్క 2024 నవంబరుతో పోయింది. కాబట్టి ఆషాఢం ప్రయాణానికి టికెట్లు వేసవి సెలవుల్లోనే చూసుకోవాలి. అవ్వకు కింది బెర్తు అడగండి. తిరుగు బండి కాచిగూడలో రాత్రి ఎనిమిది ప్రాంతంలో కదులుతుంది. పార్కు మూసేదాకా ఉంటే అది అందదు. శనివారం సాయంత్రం రావిర్యాల నుంచి కాచిగూడ దాకా ట్రాఫిక్ లెక్కేసుకుని, ఐదున్నరకల్లా తలలు తుడుచుకుని గేటు బయట ఉండాలి. ఆఖరి గంట రైడ్లు వదులుకోవాల్సిందే. ఆ మాట పదో తరగతివాడికి శుక్రవారం రాత్రి బండెక్కక ముందే చెప్పి ఒప్పించండి.