గాజుసీసా వయస్సును తెలుపు గీత

లోహశోధకపు తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తు ప్రవహించును. అందువలన నేలలోని లోహమునందు సుడి ప్రవాహములు పుట్టి యంత్రము మ్రోగును. గాజు విద్యుద్బంధకము, దానికి యంత్రము పలుకదు. అయినను ఇంగ్లండులోని పాత చెత్తదిబ్బలలో లోహముకొరకు త్రవ్వునప్పుడు, ప్రక్కనున్న సీసాలును బయటపడుచుండును.

వాని వయస్సును తెలిసికొనుట యెట్లు? అచ్చు భాగములు కలిసినచోట సీసాపై గీత ఏర్పడును. మూతిని చేతితో తీర్చిన సీసాలలో ఆ గీత సాధారణముగా మూతికి దిగువనే ఆగును. 1903లో అమెరికాలో మైఖేల్ ఓవెన్స్ రూపొందించిన స్వయంచాలక యంత్రపు సీసాలలో అది మూతి అంచువరకు సాగును.

అయితే యంత్రము వచ్చిన పిదపను కొన్నిచోట్ల చేతిపని నిలిచినది. కావున సీసా దొరికిన మట్టిపొరను, ప్రక్కనున్న నాణెములను గుర్తించి వ్రాసికొనవలెను. సీసాను మాత్రమే పెకలించినచో ఆ సాక్ష్యము మరల లభింపదు.