సగం పర్సు ఒక్క రైడర్‌కే

2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు పాడుకుంది. అప్పటిదాకా ఆ లీగ్‌లో ఎవరికీ అంత ధర పలకలేదు. జట్టు మొత్తం మీద ఖర్చు పెట్టడానికి లీగ్ ఇచ్చిన పరిమితి, అంటే పర్సు, 5 కోట్లు. అంటే నూటికి 52 రూపాయలు ఒక్కడికే పోయాయి. ఆ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి రెండు గెలిచింది. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం.

పవన్ ఆడలేదా అంటే, ఆడాడు. 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. తీసుకున్న డబ్బుకు అతను న్యాయమే చేశాడు. మిగతా డబ్బు సంగతి చూస్తేనే అసలు విషయం బయటపడుతుంది.

5 కోట్లలో 2.605 పోతే మిగిలింది 2.395 కోట్లు. జట్టులో కనీసం 18 మంది ఉండాలన్నది నిబంధన. మిగిలిన 17 మందికి సర్దితే తలా 14 లక్షలు. ఆ వేలంలో ఎ, బి, సి, డి అని నాలుగు కేటగిరీలు పెట్టి, పాట మొదలయ్యే ధరలుగా 30, 20, 13, 9 లక్షలు నిర్ణయించారు. అంటే పవన్ పక్కన నిలబడాల్సిన వాళ్లలో సగటు మనిషి సి కేటగిరీ పాట మొదలైన చోటే ఆగిపోతాడు. కాస్త పేరున్న కార్నర్ డిఫెండర్‌ను కొందామంటే ఇంకో ఇద్దరి వాటా కోయాలి.

క్రికెట్‌లో అయితే ఒక్క మొనగాడితో కొంత దూరం నెట్టుకు రావచ్చు. ఓపెనర్ ఔట్ కాకుండా 20 ఓవర్లూ ఆడితే అతని ధర అంతా మైదానంలోనే ఉన్నట్టు. కబడ్డీలో అలా కుదరదు. కూతకు వెళ్లిన రైడర్ పట్టుబడితే బెంచీ మీద కూర్చోవాల్సిందే. అతను బతికి మళ్లీ లోపలికి రావాలంటే తోటివాళ్లు అవతలి వాడిని ఔట్ చేయాలి. బోనస్ గీత దాటి తెచ్చిన పాయింటుకు ఎవరూ బతకరు. పైగా ఔటైన వరుసలోనే తిరిగి వస్తారు కాబట్టి, ముందు కూర్చున్న వాడు లేచేదాకా స్టార్ అయినా ఆగాల్సిందే. రెండో రైడర్ వెళ్తాడు, ముప్పై సెకన్లు అటూ ఇటూ తిరిగి ఉత్త చేతులతో వస్తాడు. ఇంకోసారి అంతే. మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే అతనూ బయటికే. ఇటు డిఫెన్స్ పట్టు చిక్కించుకోలేదు. 2.605 కోట్ల మనిషి తువ్వాలు మెడన వేసుకుని చూస్తూ కూర్చుంటాడు. అతన్ని బతికించే పని 14 లక్షల వాళ్ల చేతిలో ఉంటుంది!

అంతకుముందు సీజన్‌లో ఇదే పవన్‌తో ఇంకో చిత్రం జరిగింది. 2022లో తమిళ్ తలైవాస్ అతన్ని 2.26 కోట్లకు తీసుకుంది. అప్పటి పరిమితి 4.4 కోట్లు, అందులోనూ ఇది సగం పైనే. తొలి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. పర్సులో సగం నేలపాలైనట్టే కదా. ఆ జట్టు చరిత్రలో మొదటిసారి సెమీఫైనల్ చేరింది ఆ ఏడాదే. భారం మోసింది నరేందర్ అనే కొత్త కుర్రాడు, 240కి పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. వేలంతో పనిలేకుండా నిర్ణీత జీతానికి తీసుకునే కొత్త ఆటగాళ్ల కోటాలో వచ్చినవాడు.

దీన్ని బట్టి స్టార్‌ను కొనడమే తప్పని తీర్మానించేయడం తేలిక. పుణె లెక్క చూస్తే ఆ తీర్మానం నిలబడదు. టైటాన్స్ పవన్‌ను కొన్న వేలంలోనే పుణెరి పల్టన్ ఇరాన్ ఆల్‌రౌండర్ మొహమ్మద్‌రెజా షాద్లూయీ మీద 2.35 కోట్లు పెట్టింది. 5 కోట్లలో 47 శాతం. టైటాన్స్‌కూ దానికీ తేడా ఐదు శాతమే. 2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలిలో, అంటే టైటాన్స్ సొంతగడ్డ మీదే, పుణె 28-25తో హరియాణా స్టీలర్స్‌ను ఓడించి కప్పు ఎత్తింది. మరుసటి ఏడు షాద్లూయీ 2.07 కోట్లకు హరియాణాకు వెళ్లాడు. కప్పు కూడా హరియాణాకే వెళ్లింది.

పుణెకు కలిసొచ్చింది మిగిలిన 53 శాతం. అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్, ఆకాశ్ షిండే లాంటివాళ్లు పెద్ద పేర్లై పుణెకు వచ్చినవాళ్లు కారు. కుర్రాళ్లుగా చేరి అక్కడే రాటుదేలారు. కింద ‘యువ పల్టన్’ పేరుతో సొంత శిక్షణ జట్టు ఉంది. వేలంలో విడిగా పాడుకుంటే వీళ్లకయ్యే ఖర్చు వేరు, పెంచుకున్నందుకు అయిన ఖర్చు వేరు. ఆ తేడాతోనే షాద్లూయీని కొన్నారని నా లెక్క. ఇంకొకటి, కార్నర్, కవర్ డిఫెండర్లు చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసుగా ఆడతారు. ఒకడు కాలు పట్టేసరికి రెండోవాడు నడుం మీద పడాలి. రెండు మూడేళ్లు పక్కపక్కన ఆడితేగాని ఆ సమయం కుదరదు. దాన్ని వేలంలో కొనలేం.

జట్టు కట్టడంలో ఈ లెక్కను అన్నిటికన్నా కచ్చితంగా చేసేది అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్. 32 జట్లు, జట్టుకు 53 మంది. కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్లకు అక్కడ వేలం ఉండదు. ఏడు రౌండ్ల డ్రాఫ్టులో వంతులవారీగా ఎంచుకుంటారు. నిరుడు అట్టడుగున ఉన్న జట్టుకు తొలి వంతు. వాళ్ల జీతం కూడా ఎన్నో వంతులో ఎంపికయ్యారన్న దాన్ని బట్టి దాదాపు ఖరారై ఉంటుంది. 2024లో మొదటి వంతులో వెళ్లిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపేవాడు) కేలబ్ విలియమ్స్‌కు నాలుగేళ్లకు కలిపి దాదాపు 3.95 కోట్ల డాలర్లు. అదే ఏడాది డల్లాస్ జట్టు తన అనుభవజ్ఞుడైన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు ఒప్పుకున్నది ఏడాదికి సగటున 6 కోట్ల డాలర్లు. అప్పటి జీతాల పరిమితి జట్టుకు 25.54 కోట్ల డాలర్లు. దాంతో పోలిస్తే ప్రెస్కాట్ సగటు 23 శాతం పైచిలుకు. అక్కడ కళ్లు తిరిగే ధర అంటే అది! మనవాళ్లు 52 దాకా వెళ్లారు. శాన్ ఫ్రాన్సిస్కో క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ 2022 డ్రాఫ్టులో చిట్టచివరి వాడు, 262వ ఎంపిక. ఏడాదికి 10 లక్షల డాలర్లు కూడా తీసుకోకుండానే జట్టును 2024 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు. అతని జీతంలో ఆదా అయిన డబ్బుతో ఆ జట్టు మిగతా స్థానాల్లో మేటి ఆటగాళ్లను నిలుపుకోగలిగింది.

టైటాన్స్ వరుసగా మూడు సీజన్లు, 8, 9, 10, అట్టడుగునే నిలిచింది. మూడింటికీ కలిపి గెలుపులు ఐదు. అమెరికాలో అయితే మూడేళ్లూ తొలి వంతు వచ్చేది. వేలం పద్ధతిలో ఓడిన జట్టుకు ఆ రాయితీ లేదు. అందరికీ ఒకటే పర్సు. దాంతో ఓటమి మీద కోపం ధర మీదకు మళ్లుతుంది. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల రైతులకు ఇది కొత్త కాదు. 2023లో క్వింటా 20 వేలు దాటిన రేటు చూసి మిర్చి వేసినవాళ్లు, 2025 ఫిబ్రవరి నాటికి 11,781 రూపాయలకైనా మార్కెట్ జోక్యం కింద ఆదుకోవాలని కేంద్రం ముందుకొచ్చే స్థితిలో పడ్డారు. నిరుటి రేటు చూసి ఈ ఏటి పెట్టుబడి పెట్టడమంటే అదే. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌కి టైటాన్స్ ఇచ్చిన 1.45 కోట్లు కూడా అంతకుముందు సీజన్ అతను ముంబైకి ఆడిన ఆటకు కట్టిన ధరే. అప్పటి పర్సులో మూడో వంతు. అతను ఆడాడు, జట్టు పదకొండో స్థానంలో నిలిచింది.

మలుపు వచ్చింది 2024లో. పవన్‌ను మళ్లీ 1.725 కోట్లకు తీసుకున్నారు, అంటే 34 శాతానికి దించారు. అదే వేలంలో విజయ్ మలిక్ 20 లక్షలకు వచ్చాడు. సీజన్ మధ్యలో పవన్ గాయపడితే రైడింగ్ నడిపింది ఈ 20 లక్షల మనిషే. 12 గెలుపులు, ఏడో స్థానం. 2025లో పవన్‌ను వదిలేశారు. ఆల్‌రౌండర్ భరత్ హుడాను 81 లక్షలకు, అంటే 16 శాతానికి తీసుకుని, విజయ్‌ను కెప్టెన్ చేశారు. జట్టు రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లి పుణె చేతిలో ఓడింది. ఆ వేలంలో 2 కోట్లు దాటిన ఇద్దరు, గుజరాత్‌కు 2.23 కోట్లకు వెళ్లిన షాద్లూయీ, బెంగాల్‌కు 2.205 కోట్లకు వెళ్లిన దేవాంక్ దలాల్. ఆ రెండు జట్లూ తొలి ఎనిమిదిలో లేవు.

ఐపీఎల్‌లోనూ ఈ బరువు కనిపిస్తుంది. 2025కు సన్‌రైజర్స్ హైదరాబాద్ 120 కోట్లలో 75 కోట్లు ఐదుగురిని అట్టిపెట్టుకోవడానికే వాడింది. బ్యాటర్ క్లాసెన్ ఒక్కడికే 23 కోట్లు. మిగిలిన 45 కోట్లతో 15 మందిని కొని 20 లక్షలు మిగుల్చుకుంది. తొలి మ్యాచ్‌లో 286 కొట్టి, చివరికి ఆరో స్థానంలో ఆగింది. ఆ ఐదుగురిలో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 6 కోట్లకు ఉన్నాడు. జట్టుకు అతను నిజంగా లాభమైంది 20 లక్షలకు ఆడిన 2024లో. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడిని 2018లో చెన్నై 2.2 కోట్లకు తీసుకుంది. అప్పటి పర్సు 80 కోట్లు, అందులో అతని వాటా 3 శాతం కూడా లేదు. 602 పరుగులు చేశాడు. పరుగుకు సుమారు 36,500 రూపాయలు. కప్పు చెన్నైది.

అదే చెన్నైకి 2025 సీజన్‌లో గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 30 లక్షలకు ఆడాడు. ఏప్రిల్ 14న లక్నో మీద తొలి మ్యాచ్ ఆడి, ఓపెనింగ్‌కు దిగి 19 బంతుల్లో 27 కొట్టాడు. ఆంధ్ర వయోపరిమితి జట్లలో ఆడుతూ, 2022 అండర్-19 ప్రపంచకప్‌లో వైస్ కెప్టెన్ అయి అక్కడిదాకా వచ్చినవాడు. క్రికెట్‌లో అలాంటి మెట్లు ఉన్నాయి. కబడ్డీ సంగతికొస్తే, సంక్రాంతికి ఎద్దుల బండలాగుడు పక్కనే మట్టి కోర్టు గీసి పందేలు పెట్టే ఊళ్లు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కొల్లలు. ఆ మట్టి మీద పట్టు నేర్చిన వాడికి బూట్లేసుకుని మ్యాట్ మీద కాలు నిలపడం వేరే విద్య. దాన్ని పదిహేనో ఏట నేర్పితే 18 నాటికి కొత్త ఆటగాళ్ల కోటాలో, వేలం లేకుండా దొరుకుతాడు. టైటాన్స్ పెద్ద పేర్లన్నీ బయటివే. రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్, దేశాయ్‌ది మహారాష్ట్ర, పవన్‌ది ఢిల్లీ, విజయ్ మలిక్‌ది హరియాణా. ఆట బాగుంటే ఏ ఊరివాడైనా మనవాడే, అందులో పేచీ లేదు. కానీ కొన్న ప్రతివాడికీ మార్కెట్ ధర కట్టాలి, పర్సు మాత్రం పెరగదు.